ఈ మేకపిల్ల ఎక్కడిది?



కొంతకాలం క్రితం ఒక ఆదివారం, రెండవ పూజ ముగిసిన తరువాత, ఒక భార్యాభర్తలు బంగళా వరండాలోకి వచ్చి కూర్చున్నారు. బెంచీకి ఈ చివర ఆయన, ఆ చివర ఆమె. మధ్యలో ఇంకో ముగ్గురు కూర్చునేంత ఖాళీ. వాళ్ళ పేర్లూ ఊరూ మీకు అక్కరలేదు. వాళ్ళు ఒప్పుకున్న మేరకే, గుర్తుపట్టే సంగతులు తీసివేసి రాస్తున్నాను. అసలు అలాంటి బెంచీ లేని విచారణ ఎక్కడైనా ఉందా అని నా అనుమానం.

తగాదా డబ్బు గురించి. ఇంజనీరింగులో చేరిన కొడుకు మోటారు సైకిలు కావాలన్నాడు. తల్లి భర్తకు చెప్పకుండా డ్వాక్రా గ్రూపులో అప్పు తీసుకుని, మిగిలినది వాయిదాల మీద పెట్టి, బండి కొనిపెట్టింది. ఆ సంగతి బయటపడి ఇంట్లో గొడవ జరుగుతున్నప్పుడు ఇంకొక సంగతి బయటపడింది. ఆయన పదకొండేళ్ళుగా పోస్టాఫీసులో డబ్బు దాస్తున్నాడు. ఆ పుస్తకం బియ్యం డ్రమ్ము వెనుక, ప్లాస్టిక్ కవరులో చుట్టి ఉంది. అంతకు ముందు ఏడాది ఆమె మోకాలికి స్కానింగు తీయించమని డాక్టరు రాసిస్తే "ఇప్పుడు డబ్బు లేదు" అన్న మనిషి ఆయన.

"తప్పు ఎవరిదో మీరే చెప్పండి ఫాదర్ గారూ" అన్నది ఆమె. ఆయన నేల చూస్తూ కూర్చున్నాడు.

తీర్పు చెప్పడం నాకు చేతకాలేదు. ఏదో ఒకటి అడగాలి కదా అని, "మీ చిన్నతనంలో మీ ఇంట్లో డబ్బు ఎక్కడ ఉండేది?" అని అడిగాను.

ఇద్దరూ వింతగా చూశారు. ముందు ఆయనే చెప్పాడు. వాళ్ళ నాన్న మొలలో డబ్బు ముడివేసుకుని తిరిగేవాడట. ఉప్పుకైనా పప్పుకైనా తల్లి చెయ్యి చాపి నిలబడవలసిందే. ఆ నాన్న ఒకరోజు పొలంలో కూలిపోతే, మూడోనాటికి ముగ్గురు మనుషులు మూడు ప్రోనోట్లు పట్టుకుని వచ్చారు. ఎకరంన్నర పొలం పోయింది. అప్పుడు ఈయనకు పన్నెండేళ్ళు. ఆ తరువాత ఆమె చెప్పింది. వాళ్ళ నాన్న లారీ డ్రైవరు. నెలకు రెండుసార్లు వచ్చేవాడు. వస్తే పాలకోవా, గాజులు, గౌను. ఇల్లంతా పండుగ. ఆయన వెళ్ళిన మర్నాడు తల్లి పక్కింటికి గిన్నె పట్టుకుని బియ్యం బదులుకు వెళ్ళేది. "నాన్న అంటే నాకు ఆ పొట్లమే ఫాదర్ గారూ, మనిషి సరిగ్గా గుర్తే లేడు" అన్నది.

పెళ్ళయి ఇరవై ఏళ్ళు దాటిన ఆ ఇద్దరూ ఈ మాటలు ఒకరి నోట ఒకరు మొదటిసారి విన్నారు.

ప్రియ పాఠకులారా, డబ్బు గురించి మనకున్న భయం, ఆశ, సిగ్గు మనం పెద్దయ్యాక తెలిసి ఎంచుకున్నవి కావు. చాలావరకు అవి మనకు పుట్టింట్లో, ఊహ తెలిసే వయసులో అంటినవే. సెమినరీలో తత్త్వశాస్త్రం చదివే రోజుల్లో అరిస్టాటిల్ నీతిశాస్త్రంలో ఔదార్యం గురించిన భాగం మాకు పాఠంగా ఉండేది. స్వయంగా సంపాదించినవారి కంటే, ఆస్తి వారసత్వంగా వచ్చినవారే చెయ్యి విప్పి ఇవ్వగలుగుతారని ఆయన అంటాడు. కారణం, వాళ్ళకు లేమి అంటే ఏమిటో అనుభవం లేదు. పైగా ఎవరి చేతి పని మీద వారికి మమకారం ఎక్కువ, తల్లిదండ్రులకు పిల్లల మీద, కవులకు తమ కవిత్వం మీద ఉన్నట్లే. ఇరవై ఏళ్ళ వయసులో నేను దీన్ని పరీక్షకు బట్టీపట్టి రాశాను. అర్థమైంది మాత్రం విచారణ గురువుగా ఇళ్ళ చుట్టూ తిరిగిన తరువాతనే. అయితే ఆ మహానుభావుడు చెప్పినదానికి నా అనుభవం ఒకటి కలపాలి. లేమి ఎరిగినవాళ్ళు అందరూ ఒకేలా తయారుకారు. ఒకడు పిడికిలి బిగిస్తాడు. ఇంకొకడు "నేను పడ్డ బాధ నా పిల్లలు పడకూడదు" అని అప్పు చేసైనా తెచ్చిపెడతాడు. చూడడానికి ఇద్దరూ ఉత్తర దక్షిణ ధ్రువాలు. లోపల ఉన్న భయం మాత్రం ఒక్కటే. దేవుని చిత్తం అనండి, మన తలరాత అనండి, చాలాసార్లు ఈ ఇద్దరే ఒకరినొకరు పెళ్ళి చేసుకుంటారు.

ఈ విషయాన్ని పవిత్ర గ్రంథంలో ఎక్కడ చదవాలి అంటే నేను తోబితు గ్రంథం చూపిస్తాను. మన కతోలిక బైబులులో ఉన్నా మన ఇళ్ళల్లో చాలా తక్కువగా తెరిచే గ్రంథం ఇది. పెళ్ళి పూజలో తోబియా, సారాల ప్రార్థన చదివితే వింటాము, అంతటితో సరి. నిజానికి ఒక కుటుంబంలో డబ్బు ఎలా చేతులు మారుతుందో, డబ్బుతో పాటు బుద్ధులు ఎలా చేతులు మారతాయో ఇంత వివరంగా చెప్పిన గ్రంథం మరొకటి లేదు.

తోబితుకు చిన్ననాటనే తండ్రి పోయాడు. ఆ అనాథ పిల్లవాణ్ణి తీర్చిదిద్దినది నాయనమ్మ దెబోరా. పంటలో, సంపాదనలో దేవుని భాగం ఏదో, అనాథలకూ వితంతువులకూ చెందవలసిన భాగం ఏదో ఆమె నేర్పింది. తోబితు తన కథ మొదలుపెడుతూనే ఆ ముసలమ్మ పేరు తలచుకుంటాడు. ప్రవక్తలు, రాజులు ఉన్న గ్రంథంలో ఒక నాయనమ్మ తన మనవడికి లెక్కలు నేర్పిన సంగతి పనికట్టుకుని రాసి ఉంది. మన ఇళ్ళల్లో మూల కూర్చుని జపమాల తిప్పుతున్న నాయనమ్మలను, అమ్మమ్మలను చూసినప్పుడల్లా నాకు ఆమె గుర్తుకు వస్తుంది.

ఆ మనవడు పెరిగి నీనెవె నగరానికి బందీగా వెళ్ళి, అక్కడ రాజుగారి కొనుగోళ్ళు చూసే ఉద్యోగం సంపాదించాడు. చేతినిండా డబ్బు. ఆకలిగొన్నవారికి అన్నం, బట్టలేనివారికి బట్ట, దిక్కులేని శవాలకు సమాధి. మాదియా దేశంలో గబాయేలు అనే బంధువు దగ్గర పది తలాంతుల వెండి దాచాడు. తరువాత కాలం తిరగబడింది. ఆస్తి పోయింది. పిచ్చుకల రెట్ట కళ్ళలో పడి చూపు పోయింది. బంధువు ఒకడు రెండేళ్ళు సాకి, తరువాత వేరే దేశం వెళ్ళిపోయాడు. అప్పుడు భార్య అన్నా మగ్గం పట్టింది. కూలికి నేసి ఇల్లు నడిపింది.

ఇక్కడ కొంచెం నిలబడదాము. ఒకరోజు యజమానులు ఆమె పని మెచ్చి, కూలి డబ్బు పూర్తిగా ఇచ్చి, పైగా ఒక మేకపిల్లను ఇచ్చారు. ఆమె ఎంత సంతోషంతో ఇంటికి వచ్చి ఉంటుందో ఊహించండి. గుమ్మంలో మేకపిల్ల అరిచింది. గుడ్డివాడైన భర్త ఆ అరుపు విని, ఈ మేకపిల్ల ఎక్కడిది, దొంగతనం చేసి తెచ్చావా, ఎవరిదో వాళ్ళకు తిరిగి ఇచ్చిరా అన్నాడు. కూలి మీద బహుమానంగా ఇచ్చారని ఆమె చెప్పింది. ఆయన నమ్మలేదు. కోపంతో ముఖం కందిపోయింది. అప్పుడు ఆమె కూడా ఊరుకోలేదు. నీ దానధర్మాలు, నీ పుణ్యకార్యాలు ఏమయ్యాయి, నీ సంగతి అందరికీ తెలిసిపోయిందిలే అన్నది.

తోబితు చెడ్డవాడు కాదు. ఊరంతటికీ దానం చేసిన చెయ్యి ఆయనది. కానీ అంతకాలం ఇచ్చేవాడిగా బ్రతికిన మనిషికి, భార్య కూలితో అన్నం తినవలసి రావడం మింగుడుపడలేదు. ఇతరులకు ఇవ్వడం ఆయనకు నాయనమ్మ నేర్పింది. పుచ్చుకోవడం ఎవరూ నేర్పలేదు. మన విచారణల్లో ఇలాంటి ఇళ్ళు ఎన్ని లేవు? భార్య కువైట్ వెళ్ళి పరాయి ఇంట్లో పిల్లలను సాకి డబ్బు పంపిస్తుంది. ఇక్కడ భర్త ఆ డబ్బుతోనే ఇల్లు కట్టి, ఆ ఇంటి గుమ్మంలో కూర్చుని "ఇంత డబ్బు ఎక్కడినుంచి వస్తోంది" అని ఫోనులో నిలదీస్తాడు. ఆ మాట పక్కన కూర్చుని లెక్కలు చేసుకుంటున్న కూతురి చెవిలో పడుతుంది.

ఇంకొక సంగతి గమనించారా? మాదియాలో దాచిన ఆ వెండి గురించి కొడుకు తోబియాకు తెలియదు. ఇక చావు వస్తే బాగుండునని ప్రార్థించిన తరువాతనే తోబితుకు అది గుర్తుకు వచ్చి కొడుకును పిలిచాడు. పత్రాన్ని రెండుగా చేసి చెరొక సగం దాచుకుని అప్పటికి ఇరవై ఏళ్ళు. అన్నాకు తెలుసో లేదో గ్రంథం చెప్పదు. దారులు బాగాలేక వెళ్ళలేకపోయిన మాట నిజమే. అయినా చెప్పడానికి దారులతో పని లేదు కదా! బియ్యం డ్రమ్ము వెనుక పోస్టాఫీసు పుస్తకం వంటివి అప్పటినుంచే ఉన్నాయన్నమాట.

అయితే ఆ రోజు తోబితు కొడుకుతో డబ్బు సంగతి ఒక్కటే చెప్పి ఊరుకోలేదు. తల్లిని గౌరవించు, కూలివాని కూలి ఏ రోజుది ఆ రోజే ఇవ్వు, ఉన్నదానిలో ఇవ్వు, కొంచెమే ఉంటే ఆ కొంచెంలోనే ఇవ్వడానికి భయపడకు అన్నాడు. మేకపిల్ల తగాదా జరిగినప్పుడు తోబియా ఎక్కడ ఉన్నాడో మనకు తెలియదు. ఇంట్లోనే ఉండి ఉంటాడని నా ఊహ. ఎందుకంటే తండ్రి చెప్పిన నీతులలో తల్లి మాట ముందు వచ్చింది. తప్పు చేసిన తండ్రి, తప్పు తెలిసిన తరువాత చెప్పిన మాటలు అవి.

అన్నాకు మాత్రం ఆ వెండి మీద ఆశ లేదు. కొడుకు ప్రయాణం కట్టినప్పుడు ఆ తల్లి ఏడ్చింది. ఆ డబ్బు పోతే పోయింది, బిడ్డ కంటే అది ఎక్కువా అన్నది. పిల్లలను ఏడవ తరగతిలోనే హాస్టళ్ళకు పంపి, ఫీజు రసీదులు దాచుకుంటున్న తల్లిదండ్రులు ఆ అధ్యాయం ఒకసారి చదవాలి. చదివిన తరువాత కూడా పంపవచ్చు, నేను వద్దనడం లేదు.

కథ చివరకు రండి. తోడుగా వెళ్ళిన మనిషికి రోజుకు ఒక ద్రాక్మా కూలి అని ఒప్పందం. ఆయన రఫాయేలు దేవదూత అని ఇంకా ఎవరికీ తెలియదు. ప్రయాణం ముగిసి వచ్చాక తోబితు కొడుకుతో, ఆ మనిషికి కూలి ఇవ్వు, కూలి మీద అదనంగా కూడా ఇవ్వు అన్నాడు. కూలి మీద అదనంగా! భార్యకు ఎవరో అదనంగా ఇస్తే దొంగతనం అన్న మనిషి నోట వచ్చిన మాట ఇది. అప్పుడు తోబియా, తెచ్చినదానిలో సగం ఇచ్చినా నాకు నష్టం లేదు నాన్నా అన్నాడు. నాయనమ్మ దెబోరా పదవ వంతు నేర్పింది. మునిమనవడు సగం ఇస్తున్నాడు. ఆమె అప్పటికి లేదు.

పుట్టింట్లో నేర్చుకున్నది ఎప్పటికీ మారదు అని కొందరు నాతో వాదిస్తారు. "మా నాన్న అంతే, నేనూ అంతే" అంటారు. వాళ్ళకు నేను చిన్న పుష్పం తెరేజమ్మగారి తల్లి సంగతి చెబుతాను. ఆమె పేరు జెలి. ఫ్రాన్సు దేశంలో అలాన్సోన్ పట్టణంలో లేసు అల్లకం వ్యాపారం నడిపిన స్త్రీ. భర్త లూయీ మార్టిన్ గడియారాలు బాగుచేసేవాడు. జెలి తల్లి చాలా కఠినురాలు. తన బాల్యంలో సంతోషం లేదని జెలి పెద్దయ్యాక తమ్ముడికి ఉత్తరంలో రాసుకుంది. ఆడుకోవడానికి ఆమె ఒక్క బొమ్మ కూడా ఎరగదంటారు. అలాంటి ఇంట్లో పెరిగిన మనిషి రెండు విధాలుగా తయారుకావచ్చు, తల్లిలాగా, లేదా పిల్లలకు బొమ్మల దుకాణమే కొనిపెట్టే తల్లిగా. ఆమె ఆ రెండూ కాలేదు. తొమ్మండుగురిని కన్నది, నలుగురు పసితనంలోనే పోయారు, మిగిలిన అయిదుగురు ఆడపిల్లలకు ప్రేమనూ పనినీ రెంటినీ నేర్పింది. లూయీ ఆదివారం అంగడి తెరిచేవాడు కాదు. బేరాలు పోతాయని స్నేహితులు చెప్పినా వినలేదు. నడకకు వెళ్ళినప్పుడు దారిలో కనిపించిన బీదవారికి భిక్షం చిన్న తెరేజ చేతితోనే ఇప్పించేవాడు. ఒకసారి కర్రల సాయంతో నడుస్తున్న వృద్ధునికి ఆ పిల్ల నాణెం ఇవ్వబోతే, ఆయన విచారంగా నవ్వి తీసుకోలేదు. ఆయన మనసు నొచ్చుకున్నదేమోనని ఆ పసిది కుమిలిపోయి, తన మొదటి దివ్య సత్ప్రసాద దినాన ఆయన కోసం ప్రార్థిస్తానని అనుకుంది. అయిదేళ్ళ తరువాత మరచిపోకుండా ప్రార్థించింది. ఇవ్వడంలో పుచ్చుకునేవాని గౌరవం కూడా ఉందని ఆరేళ్ళ పిల్లకు ఏ ఉపదేశ తరగతిలో నేర్పగలము? 2015 అక్టోబరు 18న ఫ్రాన్సిసు పోపుగారు లూయీ, జెలిలను ఇద్దరినీ కలిపి పునీతులుగా ప్రకటించారు.

ఇక నా సంగతి. రాయాలా వద్దా అని చాలా రోజులు ఆలోచించాను.

మాది కృష్ణా జిల్లాలో సముద్రానికి దగ్గరి పల్లె. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన మీలో పెద్దవారికి గుర్తుండే ఉంటుంది. మా ప్రాణాలు దక్కాయి. నాన్న కౌలుకు వేసిన వరి దక్కలేదు. తరువాత నాలుగైదేళ్ళు మా ఇల్లు అప్పుల మీద నడిచింది. షావుకారు మనిషి సైకిలు గంట వినిపిస్తే నాన్న వెనుక గదిలోకి వెళ్ళి, "నాన్న ఇంట్లో లేడని చెప్పరా" అనేవాడు. నేను గుమ్మంలో నిలబడి చెప్పేవాణ్ణి. "ఎప్పుడొస్తాడు?" అని అడిగేవాడు ఆ మనిషి, నా ముఖంలోకి వంగి చూస్తూ. దానికి జవాబు నాకు నేర్పలేదు. ఊరికే నిలబడేవాణ్ణి. మా నాన్న దొంగ కాదు, అబద్ధాలకోరు కాదు. రాత్రి జపమాల తప్పనివాడు. చివరకు పైసాతో సహా అప్పు తీర్చాడు. కానీ చేతిలో డబ్బు లేకపోవడం పాపం కంటే పెద్ద సిగ్గు అని ఆ గుమ్మంలో నేను నేర్చుకున్నాను.

గురువునయ్యాక అప్పు అంటే నాకు భయం. విచారణ లెక్కలు శుభ్రంగా ఉంటాయని పేరు తెచ్చుకున్నాను. కొన్నేళ్ళ క్రితం గుడి ప్రహరీ గోడ కట్టించాము. పని అయిపోయింది. మేస్త్రీకి ఇంకా పద్నాలుగు వేలు ఇవ్వాలి. బ్యాంకులో డబ్బు ఉంది. కానీ అది ఇచ్చేస్తే ఖాతా దాదాపు ఖాళీ అవుతుంది. వానాకాలం వస్తోంది, కప్పు కారితే ఎలా? "వచ్చే వారం రా" అన్నాను. మూడుసార్లు వచ్చాడు. నాలుగోసారి అతను గేటు దగ్గర సైకిలు ఆనించడం కిటికీలోనుంచి చూశాను. పీఠ బాలకుడు ఒకడు నా గదిలో పుస్తకాలు సర్దుతున్నాడు. "ఫాదర్ గారు లేరని చెప్పు" అన్నాను.

ఆ పిల్లవాడు ఒక్క క్షణం నావైపు చూశాడు. ఆ చూపు నాకు తెలుసు. వెళ్ళి చెప్పాడు. "ఎప్పుడొస్తారు బాబూ?" అని మేస్త్రీ అడగడం నాకు వినిపించింది. పిల్లవాడి దగ్గర జవాబు లేదు.

ఆ సాయంత్రం బ్యాంకు మూసేలోపు డబ్బు తీసుకుని మేస్త్రీ ఉండే పక్క ఊరికి వెళ్ళాను. మామూలు చొక్కా వేసుకున్నాను. తలుపు కొడితే ఎనిమిదేళ్ళ ఆడపిల్ల వచ్చి, నన్ను కిందినుంచి పైకి చూసి, "నాన్న ఇంట్లో లేడండి" అన్నది. తలుపుకు అడ్డంగా కట్టిన చీర కింద మనిషి పాదాలు కనబడుతున్నాయి. కిరాణా కొట్టువాడు వచ్చాడనుకున్నారు. నేను ఇవ్వని డబ్బు వల్ల కొట్టులో బాకీ పేరుకుంది. ఆ పిల్లకు ఆ మాట నేర్పినవాడు వాళ్ళ నాన్న అని నేను అనలేను.

డబ్బు ఇచ్చి, క్షమించమన్నాను. మేస్త్రీ నన్ను కూర్చోబెట్టి టీ ఇచ్చాడు. మరునాడు పీఠ బాలకుణ్ణి పిలిచి, నీ చేత అబద్ధం ఆడించాను, తప్పు నాది అని చెప్పాను. వాడు తేలికగా, "పర్లేదు ఫాదర్, మా ఇంట్లో కూడా అట్లాగే చెప్పమంటారు" అన్నాడు. పాప సంకీర్తనంలో నాకు దొరికిన ఏ ప్రాయశ్చిత్తమూ ఆ మాట అంత బరువు కాదు.

పునీత రెండవ జాన్ పాల్ పోపుగారు 1981లో కుటుంబం గురించి వెలువరించిన ప్రబోధ పత్రంలో, వస్తువుల పట్ల స్వేచ్ఛ కలిగి ఉండడాన్ని పిల్లలకు తల్లిదండ్రులే నేర్పాలని, నిరాడంబరంగా బ్రతికి నేర్పాలని చెప్పారు. మనిషి విలువ అతని దగ్గర ఉన్నదానిలో లేదు, అతనిలో ఉన్నదని పిల్లలకు నమ్మకం కలగాలి అన్నారు. మంచిమాట. కానీ అదే మన ఇళ్ళల్లో పెళ్ళి మాటలు వచ్చినప్పుడు ఏమవుతుంది? కట్నాన్ని నిషేధిస్తూ 1961లోనే చట్టం వచ్చింది. గుడిలో వివాహ ప్రకటనలు చదవమని నా దగ్గరకు వచ్చే కతోలిక కుటుంబాలలో ఎన్ని ఆ చట్టాన్ని పాటిస్తున్నాయో నాకంటే మీకే బాగా తెలుసు. నేను చెప్పదలచింది చట్టం సంగతి కూడా కాదు. "మన అబ్బాయికి ఎంత పలుకుతుంది" అని పెద్దలు హాలులో మాట్లాడుకుంటున్నప్పుడు ఆ అబ్బాయి తమ్ముడు అక్కడే టీవీ చూస్తుంటాడు. "ముగ్గురూ ఆడపిల్లలే, ఎట్లా గట్టెక్కుతావో" అని చుట్టాలు తండ్రిని ఓదారుస్తుంటే, ఆ ముగ్గురూ వాళ్ళకు టీ తెచ్చి ఇస్తుంటారు. ఆ పిల్లవాడు తాను వస్తువునని నేర్చుకుంటాడు, ఆ ఆడపిల్లలు తాము బాకీ అని నేర్చుకుంటారు. ఇరవై ఏళ్ళ తరువాత వాళ్ళే తమ పిల్లలను పట్టుకుని నా బెంచీ మీదకు వస్తారు.

"పిల్లల ముందు డబ్బు సంగతి ఎత్తకూడదు ఫాదర్ గారూ" అంటారు చాలామంది. మంచి ఉద్దేశంతోనే అంటారు. కానీ మీరు గుసగుసలాడితే పిల్లలకు వినబడదా? మాటలు వినబడకపోయినా భయం వినబడుతుంది. ఇప్పుడు ఇంకొక చిక్కు వచ్చింది. మా చిన్నప్పుడు నోటు మడత విప్పి, మళ్ళీ లెక్కపెట్టి ఇవ్వడం కళ్ళారా చూసేవాళ్ళం. ఇప్పుడు ఫోను చూపిస్తే డబ్బు కడుతున్నట్లు పిల్లలకు కనిపించదు. అందుకని, పిల్లవాణ్ణి దగ్గర కూర్చోబెట్టుకుని "ఈ నెల ఇంత వచ్చింది, బియ్యానికి ఇంత, ఫీజుకు ఇంత, గుడికి ఇంత, నీ బూట్లకు ఇప్పుడు లేదు, పండుగకు చూద్దాం" అని చెప్పడంలో అవమానం ఏముంది? "లేదు" అనే మాట తండ్రి నోట ప్రశాంతంగా విన్న పిల్లవాడు లేమికి అంతగా భయపడడు. పూజలో కానుక పళ్ళెం వచ్చినప్పుడు హడావిడిగా జేబులో తడిమి పిల్లవాడి చేతిలో పది రూపాయలు పెట్టకండి. ఇంటి దగ్గరే, శనివారం రాత్రే, ఎంత ఇవ్వాలో వాణ్ణి కూడా అడిగి పక్కన పెట్టండి. పాలవాడికి, పనిమనిషికి డబ్బు పిల్లల చేత ఇప్పించండి, రెండు చేతులతో. వాళ్ళను "మీరు" అనమనండి.

పెళ్ళి శిక్షణకు వచ్చే యువతీయువకులను ఇప్పుడు నేను ఆ ప్రశ్న తప్పకుండా అడుగుతున్నాను. మీ ఇంట్లో డబ్బు ఎక్కడ ఉండేది? ఎవరు అడిగేవారు, ఎవరు ఇచ్చేవారు, ఎవరు దాచేవారు? మొదట నవ్వుతారు. కాసేపటికి ఒకరి ముఖం ఒకరు చూసుకోవడం మొదలుపెడతారు. మీకు పెళ్ళయి ముప్పై ఏళ్ళయినా సరే, ఈ వారంలో ఒక రాత్రి పిల్లలు పడుకున్న తరువాత ఒకరినొకరు అడగండి. ఎదుటివారు చెబుతున్నప్పుడు "మీ నాన్న బుద్ధులే నీకు వచ్చాయి" అన్న ఒక్క మాట మాత్రం అనకండి.

ఆ బెంచీ మీద కూర్చున్న దంపతులు మొన్న గుణదల తిరునాళ్ళకు వెళుతూ దారిలో బంగళాకు వచ్చారు. పోస్టాఫీసు పుస్తకం ఇప్పుడు తిరుహృదయ పటం కింద అలమరలో ఉందట. ఆమె మోకాలికి స్కానింగు అయింది, మందులు వాడుతోంది. బండి వాయిదాలలో సగం కొడుకు సెలవుల్లో పనికి వెళ్ళి కడుతున్నాడు. తగాదాలు తగ్గాయా అని అడిగితే ఆయన ఆమె వైపు చూశాడు, ఆమె "అవెక్కడికి పోతాయి ఫాదర్ గారూ" అన్నది.

తోబితు గ్రంథంలో 14 అధ్యాయాలు ఉన్నాయి. రాత్రి జపమాల అయ్యాక రోజుకు ఒకటి చొప్పున చదివితే రెండు వారాలు పడుతుంది. పిల్లలను కూర్చోబెట్టుకుని చదవండి. రెండవ అధ్యాయం, ఆ మేకపిల్ల ఉన్నది, ఇంటి యజమాని చదివితే బాగుంటుంది. అన్నా మాటలు వచ్చినప్పుడు పుస్తకం ఇల్లాలి చేతికి ఇవ్వండి.